ఎనిమిదికి ఒకటి: గడ్చాందూర్ సిమెంటు విభజన ప్రకటనపై ఒక కేస్ స్టడీ

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న రాజురా, కోర్పనా ప్రాంతపు సున్నపురాయి నేల మీద నాలుగు పెద్ద సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఆవార్‌పూర్‌లో ఎల్ అండ్ టీ కట్టిన కర్మాగారం, ఆ కంపెనీ సిమెంటు వ్యాపారం 2004లో వేరుపడినప్పుడు, అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. గడ్చాందూర్‌లోని మాణిక్‌గఢ్ సిమెంటు 2019లో సెంచురీ టెక్స్‌టైల్స్ నుంచి విడిపోయి అదే అల్ట్రాటెక్‌లో కలిసింది. నారండాలోని మురళీ ఇండస్ట్రీస్ కర్మాగారం దివాలా ప్రక్రియ ద్వారా 2020లో డాల్మియాకు దక్కింది. ఉప్పర్వాహీలో అంబుజా కంపెనీకి చెందిన మరాఠా సిమెంటు కర్మాగారానికి 2022లో కంపెనీ పేరు మారలేదు గానీ, ఆ కంపెనీ యజమానులు మారారు. నాలుగుచోట్లా తవ్వేది ఒకే రకం రాయి, తయారయ్యేది ఒకే రకం సరుకు. అయినా ఆ కంపెనీల్లో షేర్లున్న సామాన్యులకు దక్కిన ఫలితం మాత్రం ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంది. ఆ తేడాకు కారణం లావాదేవీ ఏ చట్టం కింద, ఏ పద్ధతిలో జరిగిందన్నదే. అది కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపే ప్రకటనలో స్పష్టంగానే ఉంటుంది, కాకపోతే పత్రికలు శీర్షికకు ఎత్తుకునే వాక్యంలో ఉండదు. ఈ విషయాన్ని నా వృత్తిలో ఎదురైన ఒక కేసు ద్వారా వివరిస్తాను.

ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా భాగంగా ఉన్న రాజురా తాలూకా రాష్ట్రాల పునర్విభజనలో ఇటువైపు వచ్చింది. ఇక్కడి చాలా కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బ్యాంకులో హిందీ నడుస్తాయి. కంపెనీల ప్రకటనలు ఇంగ్లిషులో వస్తాయి. విలీన పథకాలపై వాటాదారుల సమావేశం జరిగేటప్పుడు చట్టప్రకారం ఒక ఇంగ్లిషు పత్రికలోనూ, రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న రాష్ట్రపు భాషా పత్రిక ఒకదానిలోనూ నోటీసు వేయాలి. కార్యాలయం ముంబైలో ఉంటే ఆ రెండో పత్రిక మరాఠీదే అవుతుంది. కర్మాగారం పక్కన ముప్పై ఏళ్లు బతికిన తెలుగు కుటుంబానికి తన ఆస్తి గురించిన సమాచారం తన భాషలో ఏ దశలోనూ చేరదు. సరిహద్దు జిల్లాల్లో పనిచేసే అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు ఈ లోటును తమ బాధ్యతగా తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

క్లయింటు గడ్చాందూర్‌లో స్థిరపడిన రిటైర్డ్ ఫిట్టర్. ఏళ్ల కిందట కొద్దికొద్దిగా కొన్న సెంచురీ టెక్స్‌టైల్స్ షేర్లు 300 ఆయన డీమ్యాట్ ఖాతాలో ఉన్నాయి. 2018 మే 20న, అది ఆదివారం, సెంచురీ బోర్డు, అల్ట్రాటెక్ బోర్డు ఒక పథకానికి ఆమోదం తెలిపాయి. ఆ వారంలోనే ఆయన నా దగ్గరికి వచ్చి షేర్లన్నీ వెంటనే అమ్మేయాలన్నారు. ఎందుకని అడిగితే, "ఎనిమిదికి ఒక్కటిస్తరట సారూ, అంటె నా మూడొందలు ముప్పై ఏడైతయి గద? మిగిలినయి పోయినట్టే గద?" అన్నారు. లెక్క తప్పలేదు. ఆధారం మాత్రం తప్పు. పక్కింటివారు చదివి చెప్పిన వార్తలో మార్పిడి నిష్పత్తి ఉంది గానీ, సెంచురీ షేర్లు ఏమవుతాయన్న వాక్యం లేదు.

ప్రకటన అసలు ప్రతిని ఆయన ముందే తెరిచి చదివాం. అది మొత్తం కంపెనీ విలీనం కాదు. డీమెర్జర్ అని పిలిచే వ్యాపార విభజన. సెంచురీలో సిమెంటుతో పాటు వస్త్రాలు, కాగితం, రియల్ ఎస్టేట్ వ్యాపారాలు ఉండేవి. అల్ట్రాటెక్‌కు వెళ్లేది సిమెంటు ఒక్కటే. కాబట్టి 300 సెంచురీ షేర్లు 300గానే ఉంటాయి. వెళ్లిపోయిన సిమెంటు వ్యాపారానికి బదులుగా ప్రతి 8 సెంచురీ షేర్లకు 1 అల్ట్రాటెక్ షేరు అదనంగా వస్తుంది. పూర్తి విలీనంలో పాత షేరు రద్దయి దాని స్థానంలో కొత్త షేరు వస్తుంది. విభజనలో పాతది విలువ తగ్గి మిగులుతుంది, కొత్తది దాని పక్కన చేరుతుంది. ఈ ఒక్క తేడా తెలియక అమ్మేవారు చాలామంది ఉంటారు. అందుకే ఏ ప్రకటన వచ్చినా నేను ముందు ధర చూడను. ఏ సంస్థలోంచి ఏ భాగం బయటికి వెళ్తోంది, నా క్లయింటు చేతిలో ఉన్న షేరు ఏ సంస్థది అన్న రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు వెతుకుతాను.

తర్వాత నిష్పత్తిని లెక్కగా మార్చాం. 300ను 8తో భాగిస్తే 37.5 వస్తుంది. 37 షేర్లు ఖాతాలోకి వస్తాయి, మిగిలిన సగం షేరుకు డబ్బు వస్తుంది. ఇలాంటి పథకాల్లో అందరి ముక్కలనూ కలిపి ట్రస్టీ ద్వారా మార్కెట్లో అమ్మి, వచ్చిన సొమ్మును ఎవరి వంతు వారికి పంచుతారు. ఇక విలువ సంగతి. అల్ట్రాటెక్ షేరు 4,000 రూపాయలనుకుంటే 37.5 షేర్ల విలువ 1,50,000 రూపాయలు. అదే షేరు 3,500కు తగ్గితే 1,31,250 మాత్రమే. ప్రకటన నిష్పత్తిని స్థిరపరిచింది, విలువను కాదు. ప్రకటన తేదీకీ షేర్లు చేతికి వచ్చే తేదీకీ మధ్య నెలల తరబడి సాగే ధరల ఒడిదుడుకులను పూర్తిగా వాటాదారే భరించాలి. ఈ సంగతిని ఏ కంపెనీ ప్రకటనా ఇంత సూటిగా చెప్పదు. చెప్పాలని నిబంధన కూడా లేదు.

నా అనుభవంలో ఇటువంటి ప్రకటనల్లో అన్నిటికన్నా తక్కువగా చదివేది, ఎక్కువ విషయం చెప్పేది అప్పుల వాక్యం. సెంచురీ సిమెంటుతో పాటు సుమారు 3,000 కోట్ల రూపాయల అప్పు కూడా అల్ట్రాటెక్‌కు బదిలీ అవుతుందని అందులో ఉంది. అంటే అల్ట్రాటెక్ చెల్లించే ధర కొత్త షేర్లు మాత్రమే కాదు. సెంచురీకి అప్పుడు సుమారు 11.17 కోట్ల షేర్లు ఉండేవి. వాటిని 8తో భాగిస్తే అల్ట్రాటెక్ కొత్తగా జారీ చేయాల్సినవి 1.4 కోట్ల షేర్లకు కాస్త తక్కువ. ఇంతకుముందు అనుకున్న 4,000 ధర ప్రకారం వాటి విలువ సుమారు 5,600 కోట్లు. అప్పు కూడా కలిపితే 8,600 కోట్లు. బదిలీ అయ్యే సామర్థ్యం ఏడాదికి 1.34 కోట్ల టన్నులు. మధ్యప్రదేశ్‌లోని మైహర్, ఛత్తీస్‌గఢ్‌లోని బైకుంఠ్, మన గడ్చాందూర్, పశ్చిమ బెంగాల్‌లోని గ్రైండింగ్ యూనిట్, ఇవన్నీ కలిపి ఆ లెక్క. భాగిస్తే టన్ను సామర్థ్యానికి 6,400 రూపాయల చొప్పున ధర కట్టినట్టు తేలుతుంది. సిమెంటు రంగంలో ఒక లావాదేవీని మరో దానితో పోల్చాలంటే ఈ టన్ను లెక్కే పనికొస్తుంది. ప్రకటనలో సామర్థ్యం ఒకచోట, అప్పు మరోచోట, నిష్పత్తి ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. వాటిని ఒక కాగితం మీదికి తేవడమే మన పని.

క్లయింటు దగ్గర అల్ట్రాటెక్ షేర్లు లేవు గానీ, ఆయన అల్లుడి దగ్గర ఉన్నాయి. కాబట్టి ఆ వైపు నుంచి కూడా చూశాం. అల్ట్రాటెక్‌కు అంతకుముందు 27.46 కోట్ల షేర్లు ఉన్నాయి. కొత్తవి కలిస్తే 28.86 కోట్లు. పాత వాటాదారు భాగం ఐదు శాతం లోపు పలుచబడుతుంది. ప్రకటనలో వాటాల పట్టిక మార్పు గురించి ఇచ్చే వివరాలు ఇందుకోసమే. ఇచ్చేవారి వైపు, పుచ్చుకునేవారి వైపు రెండూ చూడకుండా నిష్పత్తి న్యాయమైనదా కాదా అని ఎవరూ చెప్పలేరు.

మరొక అంశం అపాయింటెడ్ డేట్, అంటే లెక్కల్లో వ్యాపారం చేతులు మారినట్టు భావించే తేదీ. ఈ పథకంలో అది 2018 మే 20. పథకం నిజంగా అమల్లోకి వచ్చింది 2019 అక్టోబరు 1న. మధ్యలో పోటీ కమిషన్, ఎక్స్ఛేంజీలు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, వాటాదారులు, రుణదాతలు, ముంబైలోని కంపెనీ లా ట్రిబ్యునల్ అన్న మెట్లన్నీ ఎక్కడానికి సుమారు 16 నెలలు పట్టింది. కానీ లెక్కల్లో మాత్రం సిమెంటు వ్యాపారపు లాభనష్టాలు మొదటి తేదీ నుంచే అల్ట్రాటెక్‌వి. ఆ 16 నెలల్లో సెంచురీ పేరు మీదే నడిచిన గడ్చాందూర్ భట్టీల లాభం సెంచురీ షేరుకు చెందదు. ఈ సంగతి తెలియనివారు మధ్యలో వచ్చిన సెంచురీ త్రైమాసిక ఫలితాలను చూసి పొరపాటు అంచనాలకు వస్తారు. నా క్లయింటు కూడా, "ఇంక ఫ్యాక్టరీ సెంచురీదే నడుస్తుంది గద, లాభం మాదే గద" అని అడిగినప్పుడు పథకంలోని ఆ నిబంధనను చూపించాల్సి వచ్చింది.

సంబంధిత పక్షాల ప్రశ్నను ఇక్కడ తేలికగా వదిలేయకూడదు. అప్పటికి సెంచురీ చైర్మన్ బి.కె. బిర్లా. అల్ట్రాటెక్ చైర్మన్ ఆయన మనవడు కుమార మంగళం బిర్లా. ఒకే కుటుంబానికి చెందిన రెండు కంపెనీల మధ్య నిష్పత్తి నిర్ణయమైనప్పుడు, బయటి వాటాదారుకు ఆసరా ప్రకటనలోని హామీ వాక్యాలు కాదు. దాని తర్వాత వచ్చే పత్రాలు. అప్పటి సెబీ 2017 మార్చి సర్క్యులర్ ప్రకారం వాల్యుయేషన్ నివేదిక, ఆ విలువ కట్టడం న్యాయమేనని మర్చంట్ బ్యాంకర్ ఇచ్చే అభిప్రాయం, ఆడిట్ కమిటీ నివేదిక, పథకంపై వచ్చిన ఫిర్యాదుల నివేదిక ఎక్స్ఛేంజీకి చేరి, కంపెనీ వెబ్‌సైట్‌లోకి కూడా వస్తాయి. ప్రకటన రెండు మూడు పేజీలైతే ఇవి పదుల పేజీలు. అందరూ ప్రకటన చదివి ఆగిపోతారు. అసలు విషయం వాల్యుయేషన్ నివేదికలో ఏ పద్ధతికి ఎంత బరువు ఇచ్చారన్న పట్టికలో ఉంటుంది. మార్కెట్ ధర ఆధారంగా ఒక విలువ, భవిష్యత్తు ఆదాయం ఆధారంగా ఇంకొకటి, పోల్చదగిన కంపెనీల ఆధారంగా మరొకటి కట్టి, వాటిని కలిపి నిష్పత్తి తేలుస్తారు. అభ్యంతరం ఉంటే ఏం చేయగలరన్నది కూడా క్లయింటుకు ముందే చెప్పడం మంచిది. సమావేశంలో పాల్గొని ఓటు వేసేవారిలో విలువ ప్రకారం నాలుగింట మూడు వంతుల ఆమోదం కావాలి. కానీ ట్రిబ్యునల్ ముందు పథకాన్ని వ్యతిరేకించాలంటే 10 శాతం షేర్లు గానీ, 5 శాతం అప్పు గానీ చేతిలో ఉండాలి. 300 షేర్ల మనిషికి ఉన్నది ఓటు ఒక్కటే. అందుకే ఈ-ఓటింగ్ వివరాలతో వచ్చే ఈమెయిలు తెరవడం ఎలాగో నేర్పించి పంపాను.

ఉద్యోగుల సంగతి ప్రకటనలో ఉండదు, పథకం ప్రతిలో ఉంటుంది. బదిలీ అయ్యే వ్యాపారంలోని సిబ్బంది సర్వీసు తెగకుండా, అంతకు తక్కువ కాని షరతులతో కొత్త కంపెనీలోకి వెళ్తారని, పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు కొనసాగుతాయని ఇలాంటి పథకాల్లో రాస్తారు. ఈ ప్రాంతంలో వాటాదారు, కార్మికుడు చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటారు. కాబట్టి ఆ పేజీ కూడా చదివించడం నా అలవాటు.

ఇక మిగిలిన రెండు కర్మాగారాలతో పోలిక. 2022 మే 15న, అదీ ఆదివారమే, స్విట్జర్లాండ్ సిమెంటు కంపెనీ హోల్సిమ్ తన చేతిలోని 63.11 శాతం అంబుజా వాటాను అదానీ గ్రూపుకు అమ్ముతున్నట్టు ప్రకటన వచ్చింది. మార్కెట్లు మూసి ఉన్న రోజును ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. సోమవారం ఉదయానికి అందరికీ ఒకే సమాచారం ఉండాలన్నదే ఉద్దేశం. ఇక్కడ వ్యాపారం ఎక్కడికీ బదిలీ కాలేదు, కంపెనీ పైనున్న యాజమాన్యం మారింది. డబ్బు వెళ్లేది హోల్సిమ్‌కు. చిన్న వాటాదారులకు రక్షణగా సెబీ 2011 టేకోవర్ నిబంధనల ప్రకారం ఓపెన్ ఆఫర్, అంటే వారి షేర్లనూ ప్రకటించిన ధరకు కొంటామన్న ప్రతిపాదన, తప్పనిసరి అయింది. అంబుజా షేరుకు 385 రూపాయలు, దాని అనుబంధ సంస్థ ఏసీసీ షేరుకు 2,300 రూపాయలు, రెండింటిలోనూ 26 శాతం చొప్పున కొంటామన్నది ఆ ఆఫర్. పత్రికల్లో ధర పెద్ద అక్షరాల్లో వచ్చింది. 26 శాతం అన్న అంకె మాత్రం చాలామంది కంట పడలేదు. అంబుజాలో ప్రజల చేతిలో ఉన్నది 36.89 శాతం. అందరూ తమ షేర్లన్నీ ఇస్తామంటే నూటికి 70 షేర్లు మాత్రమే తీసుకుని మిగిలినవి తిప్పి పంపుతారు. ఆ 26 శాతం పూర్తిగా అందితే కొనేవారి వాటా 89 శాతం దాటుతుంది. లిస్టెడ్ కంపెనీలో ప్రమోటర్ల గరిష్ఠ పరిమితి 75 శాతం కాబట్టి ఆ తర్వాత వారే అమ్మి తగ్గించుకోవాలి. ఆఫర్ ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 9 వరకు తెరిచి ఉంది. ఆ రోజుల్లో అంబుజా షేరు మార్కెట్లో 385 కన్నా బాగా పైన ఉండడంతో ఆఫర్‌లో ఇవ్వడానికి ఎవరికీ కారణం కనిపించలేదు.

అయితే ఆ లావాదేవీలో మే ప్రకటన కన్నా ఎక్కువ విషయం చెప్పినవి సెప్టెంబరులో వచ్చినవి. కొనుగోలు పూర్తయిన సెప్టెంబరు 16నే అంబుజా బోర్డు ప్రమోటర్ సంస్థకు షేరు 418.87 రూపాయల చొప్పున సుమారు 20,000 కోట్ల విలువైన వారంట్లు, అంటే తర్వాత ఆ ధరకు షేర్లుగా మార్చుకునే హక్కు పత్రాలు, జారీ చేయాలని నిర్ణయించింది. కొత్త యజమాని కంపెనీలోకి ఎంత డబ్బు తెస్తారు, అది ఏ ధరకు, దాంతో పాత వాటాదారు భాగం ఎంత తగ్గుతుందన్న మూడు ప్రశ్నలకూ జవాబు అందులో ఉంది. కొన్ని రోజుల్లోనే, కొన్న షేర్లను రుణదాతల అనుమతి లేకుండా అమ్మబోమన్న హామీ వివరాలు కూడా ఎక్స్ఛేంజీకి చేరాయి. కొనుగోలుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే అలాంటి కాగితాలే చూడాలి. ఒప్పందం ముగిసిందనగానే ఫైలు మూసేసే అలవాటు మన వృత్తిలో ఎక్కువగా ఉంది. అది మంచిది కాదు.

నారండా సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే అక్కడ వాటాదారుకు మిగిలింది క్లుప్తమే. మురళీ ఇండస్ట్రీస్ 30 లక్షల టన్నుల కర్మాగారాన్ని డాల్మియా సుమారు 400 కోట్ల రూపాయలకు పొందింది. అంటే టన్నుకు 1,300 పైచిలుకు. గడ్చాందూర్ లెక్కలో ఐదో వంతు. ఆ తర్వాత పెట్టాల్సిన పెట్టుబడి వేరే. ట్రిబ్యునల్ 2019 జూలైలో ఆమోదించిన ప్రణాళిక 2020 సెప్టెంబరులో పూర్తయి, మురళీ ఇండస్ట్రీస్ నూరు శాతం డాల్మియాకు చెందిన అనుబంధ సంస్థ అయింది. నూరు శాతం అన్న మాట ప్రకటనలో కనిపించిందంటే పాత షేరుకు చోటు లేదని అర్థం. దివాలా చట్టం 53వ సెక్షన్ వరుసలో బ్యాంకులు, ఉద్యోగులు, ప్రభుత్వ బకాయిలు, ఇతర రుణదాతలు అందరి తర్వాతే సాధారణ వాటాదారు వంతు వస్తుంది. కొనుగోలుదారు పేరు పెద్దదని, షేరు రెండు మూడు రూపాయలకే దొరుకుతోందని దివాలా ప్రక్రియలో ఉన్న కంపెనీల షేర్లు కొనేవారు మా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. వారికి నేను చెప్పేది ఒకటే. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందిన తర్వాత కంపెనీ ఇచ్చే ప్రకటనలో ప్రణాళికకు ముందు, తర్వాత వాటాల పట్టికలు ఉంటాయి. రెండో పట్టికలో ప్రజల వాటా దగ్గర ఏ అంకె ఉందో చూడకుండా ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు.

మన కేసుకు వస్తే, షేర్లు అమ్మాలా ఉంచాలా అన్నది క్లయింటు నిర్ణయానికే వదిలాను. అలాంటి సలహా ఇవ్వకూడదన్నది నా కార్యాలయ నియమం. కాగితంలో ఏముందో తెలిశాక ఆయన తొందరపడలేదు. 2019 అక్టోబరు తర్వాత 37 అల్ట్రాటెక్ షేర్లు ఖాతాలోకి వచ్చాయి, సగం షేరు తాలూకు సొమ్ము బ్యాంకులో పడింది. అసలు పని అప్పుడే మొదలైంది. విభజనలో వచ్చిన షేర్లపై ఆ రోజు పన్ను లేదు. కానీ అమ్మే రోజున కొన్న ధర ఏమిటన్న ప్రశ్న వస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 49వ సెక్షన్ ప్రకారం, 300 సెంచురీ షేర్లకు ఆయన మొదట పెట్టిన సొమ్మును రెండు భాగాలు చేయాలి. బదిలీ అయిన ఆస్తుల నికర పుస్తక విలువ సెంచురీ నికర విలువలో ఎంత వంతో, అంత వంతు అల్ట్రాటెక్ షేర్ల ధర అవుతుంది. మిగిలింది సెంచురీ షేర్ల ధర. కొన్న తేదీ కూడా పాతదే లెక్కకు వస్తుంది. ఆ శాతాన్ని కంపెనీలు వాటాదారులకు విడిగా తెలియజేస్తాయి. ఆ ఒక్క పేజీని ప్రింటు తీసి డీమ్యాట్ స్టేట్‌మెంటుతో కలిపి పిన్ను చేసి పెట్టమని ప్రతి క్లయింటుకూ చెబుతాను, ఎందుకంటే పదేళ్ల తర్వాత పిల్లలు అమ్మేటప్పుడు దాన్ని వెతకడం మహా కష్టం.

సెంచురీ టెక్స్‌టైల్స్ 2024లో ఆదిత్య బిర్లా రియల్ ఎస్టేట్ అని పేరు మార్చుకుంది. 2025 మార్చి 31న తన కాగితం వ్యాపారాన్ని సుమారు 3,500 కోట్ల రూపాయలకు ఐటీసీకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. క్లయింటు ఫోను చేసి, "ఈసారి ఎన్నింటికి ఎన్నిస్తరు సారూ?" అని అడిగారు. ఈసారి నిష్పత్తి ఏదీ లేదు. ఇది స్లంప్ సేల్, అంటే వ్యాపారం మొత్తాన్ని ఒకే ధరకు అమ్మడం. సొమ్ము కంపెనీ ఖాతాలోకి వెళ్తుంది, వాటాదారు ఖాతాలోకి కాదు. దాంతో అప్పు తీరుస్తారా, భూములు కొంటారా, డివిడెండు ఇస్తారా అన్నది తర్వాతి త్రైమాసిక ఫలితాల నోట్లలో చూడాలి. ఇలా ఒక పెద్ద వ్యాపార విభాగాన్ని పథకం లేకుండా అమ్మేటప్పుడు వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలనీ, ఆ లావాదేవీతో సంబంధం లేని ప్రజా వాటాదారుల్లో అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లను మించాలనీ 2023లో వచ్చిన సెబీ సవరణ చెబుతోంది. కాబట్టి ఓటింగ్ ఈమెయిలు కోసం చూస్తుండమనీ, వచ్చాక నోటీసుకు జతచేసిన వివరణ ప్రకటనలో సొమ్ము వినియోగం గురించి రాసిన పేరాను ఇద్దరం కలిసి చదువుదామనీ చెప్పాను.